నోట్లో చెయ్యి

నల్లోడి నోట్లో మునిరత్నం చెయ్యి మణికట్టు దాకా ఉంది.

వెనక పళ్ల మధ్య కోడి మెడ ఒకటి ఇరుక్కుని ఉంది. నల్లోడు కొరకడం ఆపాడు. తల కదల్చకుండా కళ్లు మాత్రం పైకెత్తి చూశాడు. ముసలాయన వేళ్లు నాలుక మీదుగా పోయి ఎముకను పట్టుకుని బయటికి లాగాయి. దానితో పాటు చొంగ, తోలు, కొంచెం నెత్తురు. మునిరత్నం ఆ మెడను నల్లోడి కళ్ల ముందు కాసేపు పట్టుకుని, మళ్లీ బండ మీద పెట్టాడు.

“తిను.”

ఎముక పటపటమని విరిగింది.

రోజూ ఇంతే. ఏర్పేడు దాటి కొండ కిందికి పోయే దారిలో ఇరవై ఎకరాల మామిడితోపు. చెట్ల సందుల్లో వేరుశనగ వేస్తారు. చెనిక్కాయ ఊరే కాలానికి కొండ మీది నుంచి అడివి పందులు దిగుతాయి. వాటి కోసం నాలుగు కుక్కలు. ముసలి ఆడకుక్క రాణి, దాని కూతురు సివంగి, ఒంటినిండా మచ్చలున్న చుక్కోడు, అందరికంటే పెద్దవాడు నల్లోడు. మోటారు రూము చుట్టూ నాలుగు చెట్లు, చెట్టుకొక గొలుసు, గొలుసుకొక రాతిబండ. బండలు నాలుగు దిక్కులకు వేసి ఉంటాయి. తినేటప్పుడు కుక్క మొగం తోపు వైపు, తోక మోటారు రూము వైపు ఉండాలి. ఒక కుక్క నోరు ఇంకో కుక్కకు కనబడకూడదు. ముందు రాణికి పెట్టాలి, చివర నల్లోడికి. పెట్టిన ప్రతిసారీ చెయ్యి నోట్లో పెట్టి, తిండి తీసి, మళ్లీ ఇవ్వాలి. మునిరత్నానికి ఇది వాళ్ల నాయన నేర్పింది. ఎందుకని ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

“థూ,” అన్న మాట వెనక నుంచి వచ్చింది. “ఆ చేత్తోనే గదా అన్నం తినేది?”

మునికుమార్. తోపుకు మేనేజరుగా వచ్చి నెల కాలేదు. అంతకు ముందు ఒక డెయిరీలో ఎనభై ఆవుల్ని చూసుకున్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. అరవై ఎనిమిదేళ్ల మనిషిని పేరు పెట్టి పిలుస్తాడు.

“కడుక్కుంటా,” అన్నాడు మునిరత్నం.

“ఇంక ఆ పని ల్యా. సూడు, ఏం తెచ్చినానో.”

వ్యాను వెనక తలుపు తీసి ఉంది. లోపల ఆరు మూటలు. మూట మీద నాలుక బయట పెట్టిన తెల్లకుక్క బొమ్మ. చుట్టూ ఇంగ్లీషు. మునిరత్నం చదివింది మూడో తరగతి. ఆ మూట మీద ఆయనకు తెలిసింది ఇరవై అనే అంకె ఒక్కటే. మునికుమార్ మూట మూతి కోసి పిడికెడు గుళికలు తీశాడు. గోధుమరంగు, చింతగింజంత.

“కుక్కల ఫీడు. రేపట్నుంచి ఇదే. నీ మెడలు, కాళ్లు, కందనకాయలు అన్నీ బంద్.”

మునిరత్నం ఒక గుళిక తీసుకుని వాసన చూశాడు. నోట్లో వేసుకుని కొరికాడు. వ్యాను డ్రైవరు నవ్వాడు.

“ఎట్లుండాది రుచి?” అన్నాడు మునికుమార్.

“ఎండుచేపలు కట్టిన గోతాము నాకినట్టుండాది.”

“నీకు గాదులేబ్బా, కుక్కలకి. అమ్మగారి మాట ఇది. సుక్కురారం తోపు పక్క కొత్తింట్లో పూజ. కోడిపేగుల కంపు కొడితే చుట్టాలు యాడ కూసుంటారు? అదీగాక పచ్చి నెత్తురు మరిగిన కుక్క మనిసిని గూడా కోడి మాదిరే సూస్తాదంట. ఆయమ్మ ఫోన్లో చదివింది.”

మునిరత్నం తడి చెయ్యి ఎత్తి వేళ్లు చాపాడు. “నలబై ఏండ్లు ఈ చెయ్యి కుక్కల నోట్లోనే ఉండాది. ఐదూ ఉండాయి, ఎంచుకో.”

“నాతో యాల? అయ్యగారితో చెప్పుకో.”

మోటారు రూము పక్కన పాత సిమెంటు తొట్టి ఉంది. ఒకప్పుడు ఎడ్లు నీళ్లు తాగింది. మునికుమార్ దాన్ని కాలితో తట్టి చూశాడు.

“దీంట్లో పోస్తే సరి.”

“వద్దు,” అన్నాడు మునిరత్నం. “ఎవురి బండ మీద వాళ్లకి పెట్టు. ఏం పెట్టినా సరే.”

“ఇదేమన్నా పెండ్లి పంక్తా, ఆకులేసి వడ్డించేకి? ఎనబై ఆవులకి ఒకే తొట్టిలో పోసినా నేను. ఏ ఆవూ ఇంకో ఆవుని కొరకలా.”

“ఆవులకి కోరలు లేవు.”

“గుళికల్లో నెత్తురు లేదు. నెత్తురు లేనికాడ కొట్లాట యాడిది?”

మునిరత్నం బకెట్ కడగడానికి కొళాయి దగ్గరికి వెళ్లాడు. మొత్తం మీద ఆరోజు ఆయన మాట్లాడింది అంతే. ఇంకో రెండు మాటలు అని ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

*

స్టెల్లా కోళ్ల అంగడి ఏర్పేడు రోడ్డు మీద. మొగుడు జోయల్ కోళ్లు తెస్తాడు, కొయ్యడం ఆమె పని. పొద్దున ఏడు గంటలకే మొద్దు తడిసి ఎర్రగా ఉంది. మునిరత్నం సైకిలు ఆపగానే ఆమె నాలుగు సంచులు ముందుకు తోసింది. ఏ కుక్క పాలు దానికి విడిగా కట్టడం ఆమెకు అలవాటు.

“వద్దు పాప్పా. ఇంక వద్దు.”

“ఏం పెదనాయనా, కుక్కలు మాల వేసినాయా?”

ఆయన గుళికల సంగతి చెప్పాడు. స్టెల్లా కత్తి మొద్దు మీద గుచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుంది.

“మా ఆయనా అంతే. నాటుకోడి ల్యాకుంటే కంచం తోసేస్తాడు. రెండు పూటలు పస్తు పెట్టినానంటే పప్పన్నం తిని, భలే ఉండాదిమే అంటాడు. కుక్క గూడా తింటాదిలే. ఆకలికి లొంగని దేవుడెవుడు?”

“తింటాయి,” అన్నాడు మునిరత్నం. “తిండి గురించి గాదు నాకు.”

“మరి దేని గురించి?”

ఆయనకు చెప్పడం చేతకాలేదు. సైకిలు తిప్పుకున్నాడు.

ఆ బుధవారం కుక్కలు ఏమీ తినలేదు. మునికుమార్ తొట్టినిండా గుళికలు పోసి, ఒక్కొక్క కుక్కనే గొలుసుతో తెచ్చి చూపించాడు. రాణి వాసన చూసి తుమ్మింది. చుక్కోడు కాలెత్తి తొట్టి మీద ఉచ్చ పోశాడు. నల్లోడు తన బండ దగ్గరికి తిరిగి పోయి, ఖాళీ బండ మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

“పడుకోనీ,” అన్నాడు మునికుమార్. “కొత్త దాణాకి ఆవులు గూడా రెండు దినాలు అలుగుతాయి.”

సాయంత్రం మునిరత్నం తన అన్నం మూట విప్పాడు. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి. నాలుగు కుక్కలూ లేచి నిలబడ్డాయి. గొలుసులు బిగుసుకున్నాయి. ఎవరూ మొరగలేదు. ఆయన సంగటి నాలుగు ముద్దలు చేశాడు. అంతలో మునికుమార్ మోటారు రూములో నుంచి బయటికి వచ్చి చూశాడు.

“నువ్వు పెట్టినావంటే అవి ఫీడు ఎప్పుడు తింటాయి? అలివి గాకుంటే ఇంటికి పో మునిరత్నం. కుక్కల్ని నేను సూసుకుంటా.”

ముసలాయన ముద్దలు మళ్లీ గిన్నెలోకి వేశాడు. ఇంటికి పొమ్మన్న మాట ఆయన్ని ఆపింది. తను పోతే ఈ నాలుగింటికి చెయ్యి ఎవరిది? ఆయన కూడా ఆ పూట తినలేదు. గిన్నె అలాగే మూట కట్టి సైకిలుకు తగిలించాడు.

*

గురువారం మధ్యాహ్నం మూడు గంటలకు మునిరత్నం తోపు అవతలి కొసన ఉన్నాడు. నీళ్ల పైపు పగిలిందని మునికుమారే పంపించాడు. పైపుకు రబ్బరు చుడుతుంటే ఇనుము మోగిన శబ్దం వినబడింది. టంగ్, టంగ్, టంగ్. డెయిరీలో ఆవుల్ని దాణాకు అలాగే పిలుస్తారు. మునికుమార్ బోరు పైపు ముక్కతో తొట్టిని కొడుతున్నాడు.

తర్వాత గొలుసులు జారిన చప్పుడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు.

మునిరత్నం రబ్బరు పారేసి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తి చాలా ఏళ్లయింది.

తొట్టి దగ్గరికి ముందు వెళ్లింది రాణి. ఎప్పుడూ ముందు తినేది అదే. రెండు రోజుల ఆకలి మీద కూడా అది ఆ మర్యాద మరిచిపోలేదు. మిగతావి కూడా మర్యాద ఇస్తాయనుకుని మూతి తొట్టిలో పెట్టింది. పెట్టిన మూతి ఎత్తకముందే చుక్కోడు పక్కనుంచి వచ్చాడు. రాణి గుర్రుమంది. ఆ గుర్రు పూర్తిగా బయటికి కూడా రాలేదు. చుక్కోడి పళ్లు దాని చెవిని పట్టాయి. సివంగి కడుపు కిందికి దూరింది. కన్నతల్లి అని దానికి తెలియదు. గుళికలు ఎగిరి మట్టిలో పడ్డాయి. నల్లోడు వాటి మీదికి దూకాడు.

మునిరత్నం వచ్చేసరికి కుక్కలు విడివిడిగా లేవు. ఒకే ముద్ద. అందులోంచి ఒక కాలు, ఒక తోక, తెరిచిన నోరు బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోతున్నాయి. మునికుమార్ ఇనప ముక్క ఎత్తి ఆ ముద్ద మీద గుడ్డిగా కొడుతున్నాడు.

“కొట్టొద్దు! ఇడ్సిపెట్టి ఇవతలికి రా!”

మూడో దెబ్బ నల్లోడి వెన్ను మీద పడింది. నల్లోడు గిరుక్కున తిరిగాడు. దెబ్బ వచ్చిన వైపుకు ఎగిరాడు. మునికుమార్ ముంజెయ్యి వాడి నోట్లోకి వెళ్లింది. మనిషి అరిచిన అరుపుకు మామిడిచెట్ల మీది పిట్టలన్నీ లేచిపోయాయి. చొక్కా చిరిగింది, దాని కింద తోలు చిరిగింది, దాని కింద తెల్లగా ఏదో కనబడింది. మునికుమార్ కింద పడ్డాడు. నల్లోడు వదల్లేదు.

మునిరత్నం దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు. కుక్క దవడ పక్కన చెయ్యి వేశాడు. గొంతు పెంచలేదు.

“నల్లోడా. ఇడు.”

నల్లోడి ఒళ్లంతా వణుకుతోంది.

“ఇడు రా.”

నోరు తెరుచుకుంది. చెయ్యి బయటికి వచ్చింది. నల్లోడు రెండడుగులు వెనక్కి వేసి పిర్రల మీద కూర్చున్నాడు. నోరు తెరిచే ఉంది. ముసలాయన చెయ్యి పెడతాడని ఎదురుచూస్తున్నాడు. తప్పు చేసినా, తిండి దొరికినా వాడికి తెలిసింది అదొక్కటే.

మునిరత్నం రాణి వైపు తిరిగాడు. సివంగిని మెడపట్టి లాగి గొలుసు వేశాడు. చుక్కోడు తనంతట తానే పోయి చెట్టు వెనక నిలబడ్డాడు. రాణి గొంతు కింద నెత్తురు గుంటలాగా నిలిచి ఉంది. కాళ్లు ఇంకా పరుగెత్తుతున్నట్టు కదులుతున్నాయి.

అప్పుడే వెనక ఆ శబ్దం వచ్చింది. ఎండిన కొబ్బరికాయ పగిలినట్టు.

తిరిగి చూశాడు. మునికుమార్ లేచి నిలబడి ఉన్నాడు. కుడిచెయ్యి వేలాడుతోంది, ఎడమచేతిలో ఇనప ముక్క ఉంది. కూర్చున్న కుక్కను, నోరు తెరుచుకుని కూర్చున్న కుక్కను, దవడ మీద కొట్టాడు. నల్లోడు పక్కకు ఒరిగాడు. అరవలేదు. మళ్లీ లేచి అదే చోట కూర్చున్నాడు. ఈసారి నోరు ఒక పక్కకు వాలి ఉంది.

మునికుమార్ ఇనప ముక్క ఇంకోసారి ఎత్తబోయాడు. మునిరత్నం మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు.

“నన్ను కొట్టు.”

మునికుమార్ ఆయన్ని చూశాడు, తన చేతిని చూసుకున్నాడు, ఇనప ముక్క వదిలేసి అక్కడే కూలబడ్డాడు. మునిరత్నం తన తుండుగుడ్డ చింపి వాడి చెయ్యి కట్టాడు. గట్టిగా కట్టాడు. వాడు “నాయనా, నాయనా” అని ఏడ్చాడు.

వ్యాను వాడిని ఆస్పత్రికి తీసుకుపోయింది. రాణిని మునిరత్నం దాని బండ పక్కనే పూడ్చాడు. నల్లోడిని గొలుసుకు కట్టి నోరు చూడబోతే వాడు మొగం తిప్పుకున్నాడు. ఏనాడూ తిప్పుకోని మొగం.

*

శుక్రవారం పొద్దున తిరుపతి నుంచి కారు వచ్చింది. తోపు యజమాని మోహన్‌కృష్ణ, ఆయన భార్య రూపశ్రీ దిగారు. వాళ్లకు తిరుపతిలో బట్టల కొట్లున్నాయి. ఆవరణలో నెత్తురు పడిందని పూజ ఆదివారానికి మార్చుకున్నారు. మునికుమార్ అప్పటికే వచ్చి ఉన్నాడు. చెయ్యి మోచేతి దాకా కట్టు కట్టి మెడకు వేలాడదీశారు. పక్కన కూలీలు ఇద్దరు. ఒకడి చేతిలో మోకు ఉంది. ఇంకోడి చేతిలో అదే ఇనప ముక్క.

“ఇరవైరెండు కుట్లు,” అన్నాడు మోహన్‌కృష్ణ. “ఏం మునిరత్నం, ఇట్లాంటి కుక్కనా నువ్వు పెంచింది?”

“నేను ఇడు అంటే ఇడ్సింది సామీ. ఇడ్సి కూసున్నాక ఈయబ్బ కొట్టినాడు.”

“మనిషి చెయ్యి చీలిపోయిందిరా అంటే, కుక్కకు దెబ్బ తగిలిందంటావే?”

“అబద్దం సార్,” అన్నాడు మునికుమార్, కూలీల వైపు చూస్తూ. “ముసిలాయన యాడనో పైపు కాడ ఉన్నాడు. ఇంత కాలం పచ్చి కూర పెట్టినాడు గదా, అదీ కత. రాణిని సంపిందీ అదే. నెత్తురు మరిగింది. ఈ పొద్దు నన్ను, రేపు చుట్టాల బిడ్డల్ని.”

“నేను ముందే చెప్పినాను,” అంది రూపశ్రీ మొగుడితో. ఆమె కుక్క వైపు చూడడం లేదు. “ప్యాకెట్ తిండి తినే కుక్కలు మన వీధిలో ఎన్ని లేవు? ఒక్కటైనా మనిషిని ముట్టిందా?”

మోహన్‌కృష్ణ గడియారం చూసుకున్నాడు. “సరే. తోపు అవతలికి తీసుకుపోండి. నాకు కనపడకుండా చేయండి.”

మోకు పట్టిన కూలీ ముందుకు అడుగు వేశాడు. నల్లోడు తన బండ దగ్గర, తోపు వైపు మొగం పెట్టి కూర్చుని ఉన్నాడు. తిరిగి చూడలేదు.

“ఆగు,” అన్నాడు మునిరత్నం.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన గొంతు అంత గట్టిగా వినడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు.

“పచ్చి మెడ తెస్తా. మీ ముందర దానికి పెడతా. దాని నోట్లో చెయ్యి పెట్టి ఆ మెడ బయటికి తీస్తా. మూడు దినాల ఆకలి మీద ఉండాది. నెత్తురు మరిగిందంటే నన్ను కరవాల. కరిస్తే మీ ఇష్టం, నేనే మోకు పట్టుకుంటా. కరవకుంటే ఇడ్సిపెట్టండి.”

మోహన్‌కృష్ణ భార్యను చూశాడు. ఆమె మొదటిసారి నల్లోడి వైపు చూసింది.

“పెట్టనీ,” అంది. “చూద్దాం.”

మునిరత్నం సైకిలు మీద వెళ్లి వచ్చాడు. మెడ ఒక్కటే తెచ్చాడు. అందరూ మోటారు రూము గోడకు ఆనుకుని నిలబడి ఉన్నారు. దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం లేదు. ఆయన నల్లోడి పక్కన, తోపు వైపు తిరిగి గొంతుకూర్చున్నాడు. బండ తోపు వైపు వేసింది కాబట్టి వాళ్లకు ఆయన వీపు, నల్లోడి తోక మాత్రమే కనబడతాయి.

ఎడమ దవడ ఉబ్బి ఉంది. కింద తోలు నల్లగా కమిలింది. విరిగిందని మునిరత్నానికి నిన్నటి శబ్దంతోనే తెలుసు. కుడిపక్క నుంచి పోవాలనుకున్నాడు. ఎముక ఎడమకు తగలకుండా లాగాలనుకున్నాడు.

మెడ బండ మీద పెట్టాడు. నల్లోడు దాన్ని చూసి ముసలాయన్ని చూశాడు. ముందు నాలుకతో లాక్కున్నాడు. కొరకబోయి ఆగాడు. మళ్లీ కొరకబోయాడు. గొంతులోంచి ఏదో సన్నని శబ్దం వచ్చింది.

“ఉష్,” అన్నాడు మునిరత్నం. చెయ్యి పెట్టాడు.

నాలుక వేడిగా ఉంది. వేళ్లు మెడను అందుకున్నాయి. మెల్లగా, చాలా మెల్లగా తిప్పాడు. ఎముక కొస ఎక్కడో తగిలింది. నల్లోడి కళ్లు తెల్లబడ్డాయి. దవడ మూసుకుంది.

బొటనవేలి మొదట్లో ఒక కోర దిగింది. చేతి వెనక ఇంకోటి. ముసలాయన కడుపులో నుంచి అరుపు లేచి గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగించి దాన్ని అక్కడే ఆపాడు. చెయ్యి లాగలేదు. లాగితే చీలుతుంది. లాగితే వాళ్లకు తెలుస్తుంది. వీపు కదలకుండా అలాగే కూర్చున్నాడు. చెమట కనుబొమ్మల మీదికి కారింది. నల్లోడు ఆయన్నే చూస్తున్నాడు. పట్టుకున్నది ఏమిటో వాడికి తెలిసింది. నొప్పికి మూసుకున్న దవడ, తెరవాలంటే ఇంకా నొప్పి.

“ఇడు,” అన్నాడు మునిరత్నం. పెదవులు కదిలాయి, అంతే. “ఇడు నాయనా.”

ఎంతసేపో తెలియదు. గోడ దగ్గర ఎవరో దగ్గారు.

నల్లోడు తెరిచాడు.

మునిరత్నం మెడను ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. చొంగ తుడుచుకునే మనిషి లాగా భుజం మీది గుడ్డను కుడిచేతి చుట్టూ తిప్పుకున్నాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. లేచి వాళ్ల వైపు తిరిగాడు. ఎడమచెయ్యి ఎత్తాడు. మెడ ఎర్రగా తడిసి వేలాడుతోంది.

“సూడండి.”

కూలీలు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. మోకు పట్టినవాడు దాన్ని కింద పడేశాడు. “అబ్బా, ఏం గుండెరా ముసిలోడిది,” అన్నాడు.

మోహన్‌కృష్ణ తల ఊపాడు. “సరే, ఉండనీ. గొలుసు మాత్రం విప్పొద్దు.”

రూపశ్రీ గోడ వదిలి దగ్గరికి వచ్చింది. ఆమె చూపు మెడ మీద లేదు. కుడిచేతికి చుట్టిన గుడ్డ మీద ఉంది. ఆ గుడ్డ మీద రూపాయంత ఎరుపు చూస్తుండగానే అరచేయంత అయింది.

“ఆ నెత్తురు ఎవరిది పెద్దాయనా?”

“కోడిదమ్మా.”

ఆమె ఆయన మొగం చూసింది. చాలాసేపు చూసింది. ఆయన చూపు దించలేదు.

“పచ్చి మాంసం గదమ్మా,” అన్నాడు. “నెత్తురు ఉంటాది.”

“సరే,” అంది. కారు వైపు నడిచింది.

వాళ్లు వెళ్లాక మునికుమార్ దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి, “కరిసింది గదా? నాకు తెల్సు,” అన్నాడు. “ఒక్క ఫోను చేసినానంటే...”

“నువ్వు కూసున్న కుక్కని కొట్టినావు. నాకూ తెల్సు.”

ఒకడి చెయ్యి మెడకు వేలాడుతోంది, ఇంకొకడి చెయ్యి గుడ్డలో ఉంది. మునికుమార్ ముందు చూపు తిప్పుకున్నాడు.

“సూది ఏయించుకో పో, పెద్దాయనా,” అన్నాడు. పేరు పెట్టి పిలవలేదు.

*

స్టెల్లా కొళాయి కింద ఆయన చెయ్యి పట్టి సబ్బుతో చాలాసేపు కడిగింది. రెండు గుంటలు. ఒకదానిలోంచి అవతలికి వెలుతురు కనబడుతుందేమో అన్నట్టు ఉంది.

“ఏ కుక్క ఇది పెదనాయనా?”

ఆయన గుడ్డ కోసం ఎడమచెయ్యి చాపాడు.

“వీధికుక్క అని రాయిస్తాలే ఆస్పత్రిలో,” అంది ఆమె. అంగడి జోయల్‌కు అప్పజెప్పి తనే వెంట వెళ్లింది.

శనివారం పొద్దున తోపుకు పశువుల డాక్టరు వచ్చాడు. ఎవరు పంపారంటే, “మేడం ఫోన్ చేశారు,” అన్నాడు. నల్లోడికి మత్తుసూది వేసి నోరు తెరిచి చూశాడు. దవడ రెండు చోట్ల విరిగింది, పళ్లు నాలుగు పోయాయి.

“బతుకుతాడు. కానీ ఇంక ఎముక కొరకలేడు. మెడలు, కాళ్లు మర్చిపోండి. ఫీడు ఉంటే వేడినీళ్లలో నానబెట్టి, మెత్తగా పిసికి పెట్టండి. బతికినంత కాలం అంతే.”

“ఫీడు ఉండాది,” అన్నాడు మునిరత్నం.

ఆదివారం కొత్తింట్లో పూజ జరుగుతోంది. మంత్రాలు మైకులో తోపు దాకా వినబడుతున్నాయి. మునిరత్నం స్టెల్లా అంగడి ముందు సైకిలు ఆపాడు. అమ్మగారు వద్దన్న మెడల మాట శుక్రవారం తర్వాత మళ్లీ ఎవరూ ఎత్తలేదు. స్టెల్లా మూడు సంచులు తోసింది. రాణి లెక్క ఆమే తీసేసింది.

“రెండు చాలు పాప్పా.”

ఆమె చెయ్యి ఆగింది. “నల్లోడు?”

“వాడు గుళికలు తింటాడు.”

మోటారు రూము దగ్గర ఆయన మూడు రాళ్లు పెట్టి నీళ్లు కాచాడు. మూట మీది తెల్లకుక్క ఆయన వైపు చూసి నవ్వుతోంది. రెండు దోసిళ్ల గుళికలు తీయాలి, ఒక్క చెయ్యే ఉంది. నాలుగు పిడికిళ్లు తీశాడు. నీళ్లు పోసి మూత పెట్టాడు. సివంగికి, చుక్కోడికి మెడలు పెట్టి, ఎడమచేత్తో వాటి నోళ్లలోంచి తీసి మళ్లీ ఇచ్చాడు. రాణి బండ దగ్గర కాసేపు ఆగి దాటిపోయాడు.

గుళికలు నాని ఉబ్బాయి. పిసికితే చేపకంపు లేచింది. ఆయన మొగం పక్కకు తిప్పుకుని, ఒక్క గడ్డ కూడా మిగలకుండా పిసికాడు. బండ కడిగి ముద్ద దాని మీద పెట్టాడు.

నల్లోడు ముద్దను వాసన చూశాడు. ఒక నాలుక నాకాడు. నాకి ఆగి, తల ఎత్తి, నోరు తెరిచాడు. వాలిన దవడతో ఎంత తెరుచుకుంటే అంత తెరిచి, కదలకుండా కూర్చున్నాడు.

చెయ్యి కోసం.

మునిరత్నం కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు. ఎడమచేతిని చూసుకున్నాడు. రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

“తిను,” అన్నాడు. “నేను ముట్టుకోను. తిను.”